సికింద్రాబాద్ క్రిస్మస్: గల్లీలోంచి స్టేజీ మీదికి

మీరు అడిగింది ఇదీ: విజయవాడ నుంచి వచ్చి కొండాపూర్‌లో ఉంటున్నారు, డిసెంబరు వస్తే మాల్స్‌లో పెద్ద పెద్ద చెట్లు తప్ప క్రిస్మస్ ఎక్కడా కనబడటం లేదు, హైదరాబాద్‌లో ముందు నుంచీ ఇంతేనా లేక ఇక్కడే పెరిగినవాళ్ల చిన్నతనంలో వేరేగా ఉండేదా అని. సమాధానం పొడుగ్గానే ఉంటుంది, ఓపిక ఉంటే చదవండి. నేను పుట్టి పెరిగింది సికింద్రాబాద్‌లో, మెట్టుగూడ, లాలాగూడ రైల్వే క్వార్టర్స్ వైపు. నాన్న రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. క్వయర్‌లో (చర్చి పాటల బృందంలో) పాడటం, క్యారల్ రౌండ్స్ (ఇంటింటికీ వెళ్లి క్రిస్మస్ పాటలు పాడటం) నడిపించడం, సండే స్కూల్ పిల్లల చేత నాటికలు వేయించడం, నా డిసెంబరులన్నీ వీటితోనే గడిచాయి.

ముందే ఒక మాట చెప్పేస్తాను. "అప్పట్లో భక్తి ఉండేది, ఇప్పుడంతా వ్యాపారం" అని ప్రతి డిసెంబరులో ఏదో ఒక ప్రసంగంలో వింటాం. నేను దాన్ని పెద్దగా నమ్మను. అప్పుడూ జనరల్ బజార్‌లో బట్టల కోసం తోపులాటే, అప్పుడూ అప్పు చేసే పండుగ చేశారు, అప్పుడూ 25 పొద్దున ప్రసంగంలో వెనక వరసలు నిద్రపోయేవి. మారింది వేరే సంగతి. పండుగ పని అప్పుడు ఇళ్లలో, గల్లీలో జరిగేది, చిన్నా పెద్దా అందరి చేతుల్లో ఏదో ఒక పని ఉండేది. ఇప్పుడు ఆ పని హాలుకూ, స్టేజీకీ, దుకాణానికీ వెళ్లిపోయింది, ఎక్కువమందికి కుర్చీలో కూర్చుని చూడటమే మిగిలింది. పోయిందని మీరనుకుంటున్నది నిజానికి పోలేదు, మీకు కనబడే చోట లేదు, అంతే.

చోటు అన్నాను కాబట్టి అదీ చెప్పాలి. కొండాపూర్, గచ్చిబౌలి వైపు కనబడకపోవడం వింతేమీ కాదు, నా చిన్నప్పుడు అటు రాళ్లగుట్టలు, పొలాలు. పాత చర్చిలన్నీ సికింద్రాబాద్‌లోనో, అబిడ్స్ చుట్టుపక్కలో ఉంటాయి. కారణం కంటోన్మెంట్, అంటే సైన్యం ఉండే ప్రాంతం. 1798లో నిజాంతో ఒప్పందం కుదిరాక ఇంగ్లీషు పటాలం ఇక్కడ దిగింది, 1806లో ఆ చోటికి మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు, పటాలం వెనకే చర్చిలూ వచ్చాయి. సెయింట్ జాన్స్ 1813 నాటిది. బొల్లారం హోలీ ట్రినిటీ 1847 నాటిది, 1983 నవంబరులో ఇండియా వచ్చిన ఎలిజబెత్ రాణి తన పెళ్లిరోజున ప్రార్థన చేసుకున్నది అందులోనే. సెయింట్ మేరీస్ 1850లో పూర్తయింది, 2008లో దానికి బసిలికా హోదా (ముఖ్యమైన చర్చిలకు పోపు ఇచ్చే గౌరవం) ఇచ్చారు. పటాలంతో మద్రాసు వైపు నుంచి వచ్చిన తమిళులు, రైల్వేలో డ్రైవర్లుగా, గార్డులుగా ఉన్న ఆంగ్లో ఇండియన్లు, మిషన్ల దగ్గర చేరిన తెలుగువాళ్లు, ఇలా మూడు రకాల జనం, మూడు భాషల్లో ఆరాధనలు. అందుకే సికింద్రాబాద్ క్రిస్మస్ గుంటూరు జిల్లా క్రిస్మస్‌లాగా ఉండదు, గోవా క్రిస్మస్‌లాగానూ ఉండదు. అరిసెలు, కేకు ఒకే పళ్లెంలో ఉంటాయి.

పండుగ మాకు నవంబరు ఆఖరులో సున్నం వేయడంతో మొదలయ్యేది. ఆ తర్వాత స్టార్. ఇప్పుడు బేగంబజార్‌లో మడత విప్పి కరెంటు పెడితే వెలిగే స్టార్లు కుప్పలు పోసి అమ్ముతున్నారు. అప్పుడు వెదురు బద్దలు చీల్చి, సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి, గాలిపటాల కాగితం మైదా జిగురుతో అంటించేవాళ్లం. లోపల బల్బు పెట్టాలంటే ఒక వైపు తెరిచేలా తలుపు ఉంచాలి, ఆ తలుపు సరిగ్గా కుదరక బల్బు వేడికి కాగితం మాడిపోవడం ప్రతి ఏడూ ఎవరో ఒకరి ఇంట్లో జరిగేది. ఎవరి స్టార్ పెద్దదన్నదే పోటీ. రైల్వే కాలనీలో దీనికి ఒక సౌకర్యం ఉండేది, పొడుగాటి కర్రలు, తీగలు ఎలాగో అలా దొరికేవి (ఎలా దొరికేవో మా నాన్నల తరాన్ని అడగకూడదు). చెట్టంటే సరుగుడు కొమ్మ, మట్టి నింపిన డాల్డా డబ్బాలో నిలబెట్టి, దూది పెరికి మంచులా అంటించేది. సికింద్రాబాద్ పిల్లలెవరూ మంచు చూసింది లేదు, అయినా దూది లేకపోతే ఊరుకునేవాళ్లం కాదు.

కార్డులు ఇంకొకటి. డిసెంబరు పది లోపు పోస్టు చేయకపోతే కొత్త సంవత్సరానికి గానీ చేరవని తొందర. వచ్చిన కార్డులన్నీ దారానికి వేలాడదీసి ముందు గదిలో తోరణంలా కట్టేవాళ్లు, ఇంటికి వచ్చినవాళ్లు ముందు వాటినే చూసేవాళ్లు. ఇప్పుడు వాట్సాప్‌లో ఒకే బొమ్మ ఐదు గ్రూపుల్లోంచి వస్తుంది.

బట్టలు చెప్పకపోతే మా తరం ఒప్పుకోదు. ఒక తాను కొనేసి, ఇంట్లో మగపిల్లలందరికీ ఒకటే గుడ్డతో చొక్కాలు, మిగిలితే చెల్లికి గౌను. చర్చిలో ఎవరు ఎవరి పిల్లలో బట్టల్ని బట్టి చెప్పేయొచ్చు. టైలరు 24 రాత్రి దాకా తిప్పించుకోవడం మాత్రం అన్ని మతాల పండుగలకూ ఉన్నదే.

వంటల దగ్గర కాస్త ఆగుతాను. తెలంగాణ వైపు వాళ్లిళ్లలో సకినాలు, గరిజెలు, మురుకులు, కోస్తా నుంచి వచ్చిన వాళ్లిళ్లలో అరిసెలు, కజ్జికాయలు, ఆంగ్లో ఇండియన్, గోవా వాళ్లిళ్లలో కల్‌కల్స్ (నూనెలో వేయించిన చిన్న తీపి పిండి చుట్టలు), అచ్చుతో వేసే గులాబీ పువ్వులు. పక్కపక్క క్వార్టర్స్ కాబట్టి ఒకరివి ఒకరు నేర్చేసుకున్నారు, గులాబీ పువ్వులు మా అమ్మ కూడా చేసేది, వాటి ఇనప అచ్చు ఒక్కటే ఉంటే నాలుగిళ్లు తిరిగేది. ఇంట్లో ఓవెన్ ఉన్నవాళ్లు లేరు. అందుకని కేకు పిండి ఇంట్లో కలిపి, రేకు ట్రేల్లో పోసి, బట్టీ ఉన్న బేకరీకి మోసుకెళ్లేవాళ్లం. చక్కెర మాడ్చి నల్లటి పాకం, ఎండు ద్రాక్ష, టూటీ ఫ్రూటీ, జీడిపప్పు ముక్కలు. గుడ్లు గిలక్కొట్టడం పిల్లల పని, చేతులు పడిపోయేవి. బేకరీ అతను బరువును బట్టి కూలీ తీసుకుని, ఒక్కో ట్రేకి ఒక చీటీ పెట్టేవాడు. చీటీలు కాలిపోయి ట్రేలు తారుమారైతే అక్కడే గొడవ: మా కేకులో జీడిపప్పు ఎక్కువ, ఇది మాది కాదు అని. ఇప్పుడు ప్లమ్ కేకు కోసం పేరున్న బేకరీల ముందు క్యూలు, స్టార్ హోటళ్లలో కోటు వేసుకున్నవాళ్లు ఎండు ద్రాక్షలో రమ్ము పోసి కలుపుతూ ఫొటోలు. కేకు ఇప్పటిదే బాగుంటుంది, అందులో నాకు అనుమానం లేదు. అప్పటి మా కేకులు అడుగు మాడి, నడుమ పచ్చిగా ఉండేవి.

ఇంట్లో చేసే ద్రాక్ష వైన్ గురించి కూడా చిన్న మాట. కుండలో పెట్టి గుడ్డ కట్టి మూల గదిలో దాచేవాళ్లు, పిల్లలకు ఒక చెంచా దొరికితే గొప్ప. 1995లో రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చినప్పుడు మా కాలనీలో ఆ కుండలన్నీ ఒక్కసారిగా 'వెనిగర్' అయిపోయాయి.

ఇక ఇరుగుపొరుగు. ఇదొక పద్ధతిగా సాగేది, దాన్ని ఎవరూ రాసిపెట్టలేదు. మాంసం తినని వాళ్లిళ్లకు పంపే అప్పాలు మాంసం వండే రోజుకు ముందే, వేరే మూకుడులో చేసేది అమ్మ, పళ్లెంలో అరటిపండ్లతో సహా పెట్టి పంపేది. పక్క వరసలో ముస్లింల ఇళ్లు ఉండేవి కాబట్టి మాంసం ఖచ్చితంగా హలాల్ కొట్టులోనే కొనేవాళ్లం, లేకపోతే వాళ్లు తినరు, వాళ్లు తినకపోతే మా పండుగ పండుగ కాదు. బగారా అన్నం, మటన్ కూర. రంజాన్‌కి సేమ్యా, సంక్రాంతికి సకినాలు మాకు తిరిగొచ్చేవి. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు కాబట్టి ఆ గిన్నెలో కనీసం కాస్త చక్కెర అయినా ఉండేది. అపార్ట్‌మెంట్లలో ఇది పూర్తిగా పోయిందని అనను, కానీ ఇప్పుడు డబ్బాలో పెట్టిన కేకు ముక్క పంపుతున్నాం. అది ఎవరైనా తింటారు, ఏ పద్ధతీ పాటించక్కర్లేదు. సులువే. కానీ పక్కింటివాళ్లు ఏం తింటారో, ఏం తినరో తెలుసుకోవాల్సిన పని కూడా దానితో పోయింది.

అసలు క్రిస్మస్ అంటే మాకు క్యారల్ రౌండ్స్. ఇదే ఎక్కువగా మారింది, ఇది పోయినందుకే నాకు బాధ, మిగతావన్నీ ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు. డిసెంబరు మొదటి వారం దాటగానే చర్చి యూత్ ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి ఏ రాత్రి ఏ ఏరియా అని రాసుకునేది. రాత్రి భోజనాలయ్యాక బయల్దేరేవాళ్లం. ముందు ఒకరు పెట్రోమాక్స్ లైటు పట్టుకుని, మెడకు తగిలించుకున్న హార్మోనియం ఒకరు, డోలక్, కంజీర, ఎవరిదగ్గరైనా గిటారు ఉంటే వాడు ఆ రాత్రికి హీరో. మంకీ క్యాపులు, మఫ్లర్లు. కుక్కలు మా వెనక. ఇంటి ముందు నిలబడి మొదటి చరణం చీకట్లోనే పాడేవాళ్లం, రెండో చరణానికి లోపల లైటు వెలిగేది. నిజానికి వాళ్లంతా మెలకువగానే ఉండేవాళ్లు, పిల్లలు కిటికీ దగ్గరే ఉండేవాళ్లు, కానీ మొదటి చరణంలోనే తలుపు తీయడం పద్ధతి కాదు. తర్వాత చిన్న ప్రార్థన, కానుక డబ్బాలో చిల్లర, టీ. క్రిస్మస్ తాత వేషంలో ఉన్నవాడు అట్ట ముసుగులోంచి ఊపిరాడక చెమటలు కక్కుతూ పిప్పరమెంట్లు పంచేవాడు, సగంమంది పిల్లలు వాణ్ణి చూసి ఏడ్చేవాళ్లు. ఆఖరి ఇల్లు ఏదో ముందే ఖాయం చేసుకునేవాళ్లం, ఎందుకంటే అక్కడ తెల్లవారుజామున ఉప్మానో, ఖీమా పావో ఉంటుంది. వేరే చర్చి టీము చౌరస్తాలో ఎదురైతే ఇక చూడాలి, ఎవరూ ఆపరు, రెండు పాటలూ ఒకేసారి.

అవి ఎలా తగ్గాయో చెబుతాను, ఒక్క కారణం కాదు. 1990 డిసెంబరులోనూ, మళ్లీ 1992 డిసెంబరులోనూ నగరంలో గొడవలు, కర్ఫ్యూ. ఆ రెండేళ్లూ మేం దగ్గరి ఇళ్లకే పరిమితమయ్యాం, ఆ తర్వాత నుంచి పోలీసు స్టేషన్‌లో ముందుగా కాగితం ఇవ్వడం అలవాటైంది. ఈలోగా మైకు వచ్చింది, లారీ వచ్చింది, తర్వాత డీసీఎం వ్యాను. 2000లో వచ్చిన శబ్ద కాలుష్యం నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు, ఏడాదిలో కొన్ని పండుగ రోజులకు మాత్రం ప్రభుత్వం పన్నెండు దాకా సడలింపు ఇవ్వొచ్చు. రూలు మంచిదే, పరీక్షలకు చదివే పిల్లలు, ముసలివాళ్లు ఉంటారు. గొంతుతో పాడినంత కాలం మాకు ఆ గొడవే లేదు కానీ, ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టాక గొంతుతో పాడితే నాలుగో అంతస్తుకు వినబడదు, మైకు పెడితే పదింటికి ఆపాలి. మధ్యలో గేటు, గేటు దగ్గర వాచ్‌మన్, "ఏ ఫ్లాటు? వాళ్లకు ఫోన్ చేయించండి". ఇలా ముందే చెప్పి వెళ్తే క్యారల్స్ సరదా సగం పోతుంది.

ఇంకో కారణం ఎవరూ పైకి అనరు. పాడేవాళ్లు లేరు. మా క్వయర్‌లో బేస్ (కింది స్వరం) పాడే కుర్రాళ్లు వరసగా డాలస్‌కో, న్యూజెర్సీకో వెళ్లిపోయారు, అక్కడి తెలుగు చర్చిల్లో పాడుతున్నారు, వీడియోలు పంపుతారు, బాగానే పాడుతున్నారు. ఇక్కడ మిగిలినవాళ్లలో సగం మందికి అమెరికా టైముకు డ్యూటీ.

ఇప్పుడు రౌండ్స్ ఎలా ఉంటాయంటే, సాయంత్రం ఏడు నుంచి పది లోపు, ముందే వాట్సాప్‌లో టైము ఇచ్చి, ఇంటికి పావుగంట చొప్పున, ఫోన్‌లో ట్రాక్ పెట్టి దాని మీద పాడటం. క్రిస్మస్ తాత చేతిలో కానుక డబ్బాతో పాటు క్యూఆర్ కోడ్ అట్ట కూడా ఉంటుంది. నేను మొదటిసారి చూసి నవ్వాను గానీ లెక్క మాత్రం పక్కాగా ఉంటోంది, మా రోజుల్లో డబ్బా లెక్క తేలే వరకు జనవరి అయ్యేది.

ఆంగ్లో ఇండియన్ల గురించి చెప్పకుండా రైల్వే కాలనీ క్రిస్మస్ పూర్తికాదు. 24 నుంచి కొత్త సంవత్సరం దాకా రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో (ఉద్యోగుల క్లబ్బులో) డాన్సులు, బ్యాండు, మేం పిల్లలం కిటికీల్లోంచి చూసేవాళ్లం. నాకు ఊహ తెలిసే సరికే వాళ్లు ఒక్కొక్క కుటుంబం ఆస్ట్రేలియా, కెనడా, ఇంగ్లండు బాట పట్టారు. చట్టసభల్లో వాళ్లకు ఉన్న నామినేటెడ్ సీట్లు కూడా 2020 జనవరితో ముగిశాయి. ఇంకా కొన్ని కుటుంబాలు ఉన్నాయి, కానీ గల్లీ గల్లీకీ పియానో వినబడే రోజులు మాత్రం అయిపోయాయి.

ఇంకొక సంగతి ఉంది, పాతరోజుల గురించి రాసేవాళ్లు ఎక్కువగా దాటేస్తారు. ఇంటి మీద స్టార్ కట్టని క్రైస్తవ ఇళ్లు కూడా ఉండేవి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ కుటుంబం క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రాల్లో బీసీ-సీ కిందికి వస్తారు, దాని రిజర్వేషన్ ఒక్క శాతం. అందుకని కాగితం మీద ఒకటి, ఆదివారం ఇంకొకటి. ఆ ఇళ్లకు క్యారల్స్‌కి వెళ్తే లోపలికి పిలిచి తలుపు వేసి చిన్నగా పాడించుకునేవాళ్లు. ఇప్పటికీ ఆ ఇళ్లున్నాయి. అలాగే చర్చిలో కులం లేదని అనడం కూడా అబద్ధమే. ఎవరు ముందు బెంచీల్లో కూర్చోవాలో, నాటికలో మరియ వేషం ఎవరి అమ్మాయికి ఇవ్వాలో అన్న దగ్గర అది బయటపడేది. ఈ రెండో విషయంలో ఇప్పటి పిల్లలు మాకంటే చాలా నయం.

నాటికలంటే గుర్తొచ్చింది. గొర్రెల కాపరులకు తలకు టవళ్లు, జ్ఞానులకు నాయనమ్మల పట్టుచీరలు. యోసేపు వేషం ఎవరూ వేసేవాళ్లు కాదు, డైలాగులు ఉండవు. అందరికీ యేసును చంపించాలని చూసిన హేరోదు రాజు వేషమే కావాలి. ఎన్టీఆర్ పౌరాణికాల్లోలాగా మీసం దువ్వి, "ఎవరక్కడ!" అనే హేరోదును ప్రపంచంలో ఇంకెక్కడా చూడరు. ఇప్పుడు ఆ స్థానంలో కొరియోగ్రఫీతో డాన్సులు. ప్రతి డిసెంబరులో యూట్యూబ్‌లో కొత్త క్రిస్మస్ పాటలు వందల్లో వస్తాయి, వెనక ఎల్‌ఈడీ గోడ, పొగ, ఒకే రంగు బట్టల్లో నలభై మంది పిల్లలు. నిజం చెప్పాలంటే వాళ్ల కష్టం మా నాటికల కష్టం కంటే ఎక్కువే. నాకు నచ్చనిది ఒకటే, సరిగ్గా అడుగు వేయలేని పిల్లవాణ్ణి ఇప్పుడు పక్కన కూర్చోబెడుతున్నారు. మా దగ్గర అలాంటివాళ్లంతా గొర్రెలు అయ్యేవాళ్లు.

సెమీ క్రిస్మస్, అంటే 25కి ముందే జరిపే వేడుక, మీకు విజయవాడలోనూ తెలిసే ఉంటుంది. మా చిన్నప్పుడు ఆ పేరే వినలేదు. ఇప్పుడు డిసెంబరు ఒకటి నుంచే స్కూల్లో ఒకటి, కాలేజీలో ఒకటి, బ్యాంకులో ఒకటి, పార్టీ ఆఫీసులో ఒకటి, పాస్టర్ల సంఘాలది వేరే, అపార్ట్‌మెంటుది వేరే. అన్నిచోట్లా ఒకటే వరస: ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తారు, శాలువా, కేకు కోయడం, సందేశం, బిర్యానీ ప్యాకెట్టు. 25 వచ్చేసరికి కేకు చూస్తేనే విసుగు పుడుతుంది. అసలు పండుగకు ముందు వచ్చే నాలుగు వారాలు సిద్ధపాటు కాలమని, ఆరాధనలో కూడా ఆ వారాల పాటలు వేరుగా ఉంటాయని మా చర్చి అయ్యగారు (పాస్టరు) చెప్పేవారు. ఇప్పుడు ఎదురుచూడటానికి ఏమీ మిగలకుండా ముందే తినేస్తున్నాం.

2014లో తెలంగాణ వచ్చాక ప్రభుత్వం కూడా పండుగలోకి వచ్చింది, ఎల్బీ స్టేడియంలో విందు, పేద కుటుంబాలకు బట్టల ప్యాకెట్లు, 26న కూడా సెలవు. రాష్ట్ర జనాభాలో నూటికి ఇద్దరు కూడా లేని మాకు ముఖ్యమంత్రి స్వయంగా వచ్చి శుభాకాంక్షలు చెప్పడం చిన్న విషయం కాదు, మా నాన్న ఉంటే పొంగిపోయేవాడు. ఆ స్టేడియంలో ఏ బిషప్పు ఏ వరసలో కూర్చోవాలన్న పేచీలు మాత్రం వేరే కథ.

మాల్స్ సంగతికొస్తే, 2009 ప్రాంతంలో ఇనార్బిట్, జీవీకే వన్ లాంటివి తెరిచాక ఈ నగరానికి క్రైస్తవులతో పనిలేని క్రిస్మస్ ఒకటి వచ్చింది. ఐటీ ఆఫీసుల్లో అమెరికా క్లయింట్లు సెలవు పెట్టేస్తారు కాబట్టి డిసెంబరు ఆఖరి వారం పని తక్కువ, సీక్రెట్ శాంటా, ఎర్ర టోపీలు. దీని మీద మా వాళ్లు కొందరు కోప్పడతారు, నేను కోప్పడను. పిల్లలు సరదాపడితే ఎవరికి నష్టం? కాకపోతే అందులో మాకు పని లేదు, అంతే. ఈమధ్య డిసెంబరు రాగానే హిందువులు క్రిస్మస్ జరుపుకోవద్దంటూ వాట్సాప్‌లో మెసేజీలు తిరుగుతున్నాయి, అది మాత్రం కొత్త. మా గల్లీలో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు, కానీ తెలియని ఏరియాకు టీమును పంపేముందు ఇప్పుడు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాం.

అందరు క్రైస్తవులూ క్రిస్మస్ చేస్తారని కూడా అనుకోవద్దు. గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర హెబ్రోను అనే సంఘం ఉంది, సువార్త ప్రసంగీకులు భక్తసింగ్ గారు మొదలుపెట్టినది. ఆ సంఘాల వాళ్లలో చాలామంది దీన్ని పండుగగా పాటించరు, బైబిల్లో తేదీ లేదు కదా అంటారు. మా మేనమామ వాళ్లు అటు వెళ్లారు. 25న మా ఇంటికి వచ్చి భోజనం మాత్రం చేసేవారు, "ఇది పండుగ భోజనం కాదు, మామూలు భోజనం" అని చెప్పి మరీ.

బాగుపడ్డవి కూడా చెప్పాలి. మా అమ్మ డిసెంబరు రెండో వారం నుంచి పొయ్యి ముందే ఉండేది, 25 పొద్దున ఆరాధనలో ఆవిడ కళ్లు మూసుకుంటే అది ప్రార్థనో నిద్రో మాకు తెలిసేది కాదు. ఇప్పుడు మా కోడలు స్వగృహ దుకాణంలో అరిసెలు, సకినాలు తూకం వేయించుకుని వస్తుంది, ఉదయం ఐదు గంటల ఆరాధనకు తేటగా వస్తుంది, పాడుతుంది. అరిసెలు ఇంట్లో చేసినంత బాగుండవని ఆ అమ్మాయి ముందు అనేవాళ్లకు నేను జల్లెడ, మూకుడు చేతికిస్తాను. 2020లో కరోనాకి చర్చిలు అంతంతమాత్రంగా నడిచినప్పుడు మొదలైన లైవ్ కూడా మంచికే వచ్చింది, మంచం దిగలేని మా అత్తయ్య ఇప్పుడు ప్రతి క్రిస్మస్ ఆరాధనా చూస్తోంది.

చూడాలని ఉంటే ఏం చేయాలంటారా? 24 రాత్రి సికింద్రాబాద్ రండి. కారు వద్దు, పార్కింగ్ దొరకదు. మెట్రోలో వచ్చి, తిరుగు ప్రయాణానికి క్యాబ్ చూసుకోండి. సెయింట్ మేరీస్‌లో అర్ధరాత్రి పూజకు ఎవరైనా రావొచ్చు, యేసు పుట్టిన పశువుల పాకను బొమ్మలతో పెట్టింది చూడటానికి అన్ని మతాలవాళ్లూ పిల్లల్ని ఎత్తుకుని వస్తారు. మెట్టుగూడ వైపు గల్లీల్లో ఇంకా ఇంటింటికీ స్టార్లు ఉంటాయి, కొన్ని గుమ్మాల ముందు ముగ్గులో కూడా స్టారే. ఒక రోజు తీరిక ఉంటే మెదక్ వెళ్లండి. పోస్నెట్ దొర అనే ఇంగ్లీషు మిషనరీ కరువు కాలంలో పని కల్పించి కట్టించిన చర్చి, 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది, మొన్న 2024తో వందేళ్లు నిండాయి. క్రిస్మస్ నాడు అక్కడ జాతర లెక్క, బోనం ఎత్తే చేతులు కూడా కొవ్వొత్తి పట్టుకుని వస్తాయి. రద్దీ భరించలేమనుకుంటే 26న వెళ్లినా బాగుంటుంది, రంగు అద్దాల మీద ఎండ పడే పగటిపూట చూడండి.

ఇంకా దగ్గరగా కావాలంటే మీ కొండాపూర్‌లోనే ఏ చర్చికైనా వెళ్లి, డిసెంబరు మొదటి వారంలోపు మా ఇంటికి క్యారల్స్ రండి అని చెప్పండి. అటువైపు చర్చిలు చాలావరకు ఫంక్షన్ హాళ్లలో, ఆదివారం అద్దెకు తీసుకున్న స్కూళ్లలో నడుస్తాయి, బోర్డు చిన్నగా ఉంటుంది, ఆదివారం పొద్దున వెతికితే దొరుకుతాయి. మీరు క్రైస్తవులా కాదా అని ఎవరూ అడగరు. వాచ్‌మన్‌కి, అసోసియేషన్ సెక్రటరీకి ముందే చెప్పి ఉంచండి, వీలైతే కింద పార్కింగ్‌లో మైకు లేకుండా పాడమనండి, నాలుగిళ్లవాళ్లు దిగి వస్తారు. కాస్త టీ పెట్టండి చాలు. కేకు మాత్రం వద్దు, ఆ పిల్లలు అప్పటికే చాలా తినేసి ఉంటారు.